చేపల్ని చంపే నాచు: పెరుగుదలనీ విషాన్నీ విడివిడిగా కొలిచి అదుపు చేసే పద్ధతి

"నీళ్లు చిక్కగా రంగు మారాయి, చేపలు తేలుతున్నాయి, ఏ మందు వేయాలి?" నాచు గురించి రాసినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఇదే. మందు పేరు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ విషం ఉన్న నాచును ఒకేసారి చంపితే దాని కణాల్లో ఉన్న విషమంతా నీళ్లలోకి వచ్చేస్తుంది. చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్‌ను మింగేస్తుంది. అప్పటిదాకా బతికున్న చేపలు ఆ రాత్రే పోతాయి. అందుకే ఈ వ్యాసంలో మందు చివర్లో వస్తుంది.

మొదటినుంచీ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. నాచు ఎంత పెరిగిందన్నది ఒక కొలత, ఎంత విషం తయారు చేస్తోందన్నది వేరే కొలత. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. పలచటి నీళ్లలోనూ చేపలు చావచ్చు, ముద్దలా ఉన్న పచ్చటి నీళ్లలో హాయిగా తిరగొచ్చు. రెండూ కొలవకుండా తీసుకునే నిర్ణయం గుడ్డిదే.

## 1. ముందు ఎవరితో వ్యవహారమో తెలుసుకోండి

చేపలకు హాని చేసే నాచు ఒకే రకం కాదు. ఒక్కోదానికీ చంపే తీరు వేరు, అదుపు చేసే దారి వేరు. తరచూ ఎదురయ్యేవి ఇవి.

ప్రిమ్నీసియం పార్వమ్. దీన్నే బంగారు నాచు అంటారు. కొద్దిగా ఉప్పదనం ఉన్న నీళ్లలో ఎక్కువ. కణం సుమారు 10 మైక్రోమీటర్లు. ప్రిమ్నీసిన్లు అనే విషాలతో మొప్పల పొరను దెబ్బతీస్తుంది. నీళ్లు పసుపు, రాగి రంగుకు తిరుగుతాయి, గాలి తగిలే చోట నురగ కడుతుంది. 2022లో పోలండ్, జర్మనీల మధ్య పారే ఓడర్ నదిలో చేపలు కుప్పలుగా చావడానికి కారణం ఇదే. నదిలో ఉప్పు పెరగడం దానికి దారి తీసింది.

మైక్రోసిస్టిస్, దాని తోటి నీలి ఆకుపచ్చ నాచులు. మంచినీటి చెరువుల్లో పెయింట్ ఒలికినట్టు పైన తేలే తెట్టు ఇదే. మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనుషులకూ పశువులకూ కూడా ప్రమాదం.

యూగ్లీనా సాంగ్వినియా. ఎండలో ఎర్రటి తెట్టు కడుతుంది. నీడ పడితే, పొద్దు వాలితే ఆకుపచ్చకు తిరుగుతుంది. యూగ్లీనోఫైసిన్ అనే విషం తయారు చేస్తుంది.

సముద్రపు రకాలు. బోనుల్లో చేపలు పెంచేవారికి హెటిరోసిగ్మా, చాటొనెల్లా, కరేనియా, కార్లోడినియం పెద్ద బెడద. కీటోసిరోస్ అనే డయాటమ్ (గాజులాంటి పెంకున్న సూక్ష్మ నాచు)లో కొన్ని జాతులకు విషం అక్కర్లేదు, దాని ముళ్లే మొప్పల్లో గుచ్చుకుని చంపుతాయి.

నాచు వల్ల చేపలు పోయిన ప్రతిసారీ విషమే కారణం కానక్కర్లేదు. మామూలు ఆకుపచ్చ నాచు కూడా రాత్రంతా ఆక్సిజన్ పీల్చి తెల్లవారేసరికి చేపల్ని చంపగలదు. ఈ రెంటికీ తేడా పట్టడమే సగం పని.

## 2. ఆపద రాకముందే సిద్ధం చేసుకోవాల్సిన సామాను

చేపలు తేలాక పరుగెత్తి కొంటే ఆలస్యమవుతుంది. ఈ పెట్టె ముందే సర్ది ఉంచుకోండి.

- ఆక్సిజన్ మీటరు లేదా కిట్
- పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కొలిచే కిట్లు
- ఉప్పదనం కొలిచే మీటరు, థర్మామీటరు
- సెచ్చి డిస్క్ (నలుపు తెలుపు పళ్లెం, తాడుకు సెంటీమీటర్ల గుర్తులు)
- మూత గట్టిగా పట్టే గాజు సీసాలు, కొన్ని ముదురు రంగువి
- లుగోల్ అయోడిన్ (నమూనాలోని నాచును లెక్కపెట్టేదాకా చెడకుండా ఉంచే ద్రావణం)
- 400 రెట్లు చూపే మైక్రోస్కోపు, స్లయిడ్లు, లెక్కపెట్టే గాజు గది
- మైక్రోసిస్టిన్ పరీక్ష పట్టీలు (మంచినీటి చెరువులకు)
- రెండు పెద్ద బకెట్లు, చిన్న ఎయిర్ పంపులు
- మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు, మాస్కు
- ఒక నోటు పుస్తకం

లుగోల్ ఇంట్లో కలుపుకోవాలంటే 20 గ్రాముల పొటాషియం అయోడైడ్, 10 గ్రాముల అయోడిన్, 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ చాలు. ముందు అయోడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో అయోడిన్ వేసి, పూర్తిగా కరిగాక మిగతా నీళ్లు పోయాలి. వరుస తప్పితే అయోడిన్ కరగదు. ముదురు రంగు సీసాలో, చీకట్లో ఉంచండి.

నోటు పుస్తకాన్ని చిన్నచూపు చూడకండి. మీ చెరువు మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో రాసి ఉంటేనే, ఎప్పుడు తేడా వచ్చిందో తెలుస్తుంది. వారానికి రెండుసార్లు సెచ్చి లోతు (పళ్లెం కనుమరుగయ్యే లోతు), తెల్లవారుజామున ఆక్సిజన్, ఉదయం ఒకసారీ సాయంత్రం ఒకసారీ పీహెచ్, నీటి రంగు రాస్తే చాలు.

## 3. ఆక్సిజనా, విషమా: చేప చెప్పే గుర్తులు

ఆక్సిజన్ కొరత అయితే కష్టమంతా తెల్లవారుజామున కనిపిస్తుంది. చేపలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తాయి. పెద్దవి ముందు చస్తాయి. ఎండెక్కాక మిగిలినవి తేరుకుంటాయి. మీటరు పెడితే లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తక్కువే చూపిస్తుంది.

విషమైతే వేళాపాళా ఉండదు. మధ్యాహ్నం ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు కూడా చేపలు ఒడ్డు పక్కన మందంగా పడుంటాయి, అడుగు చప్పుడు విన్నా పారిపోవు. బ్యాలెన్స్ తప్పి పక్కకు ఒరిగి ఈదుతాయి. ప్రిమ్నీసియం ఉంటే మొప్పల మీదా రెక్కల మొదట్లోనూ రక్తపు మరకలు, ఒంటిమీద ఎక్కువ జిగురు కనిపిస్తాయి. కొత్త నీళ్లు పడే చోట చేపలన్నీ గుమిగూడతాయి. మొప్పలతో ఊపిరి పీల్చేవే దెబ్బతింటాయి కాబట్టి తోకకప్పలు చచ్చినా పెద్ద కప్పలు గంతులేస్తూనే ఉంటాయి.

ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకండి. ఆక్సిజన్ తక్కువగా ఉండి, పైగా విషం కూడా ఉండే రోజులుంటాయి. దీన్ని తేల్చేది ఆరో మెట్టులోని బకెట్ పరీక్ష.

## 4. నమూనా తీయడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నమూనా చెడితే ఆ తర్వాత ఎంత ఖరీదైన ల్యాబ్ పరీక్ష చేయించినా వృథా.

ఎక్కడ: ఒడ్డున తెట్టు ఉన్న చోట ఒకటి, నడి చెరువులో ఒకటి, గాలి వీచే వైపు ఒడ్డున ఒకటి. మైక్రోసిస్టిస్ కణాల్లో గాలి బుడగలుంటాయి, అది తేలి గాలివాటున ఒక మూలకు చేరుతుంది. ఆ మూల నీళ్లు మాత్రమే తీస్తే లెక్క భయపెడుతుంది, ఎదురు ఒడ్డున తీస్తే ధీమా ఇస్తుంది. రెండూ తప్పే.

ఎంత లోతున: పై నీళ్లు, సెచ్చి డిస్క్ కనుమరుగయ్యే లోతు, అడుగుకు కాస్త పైన. ఈదగలిగే నాచులు పగలు పైకి, రాత్రి కిందికి పోతాయి. కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు తీయండి.

ఎన్ని సీసాలు: ప్రతి చోటా మూడు.

1. బతికున్న నమూనా. ఏమీ కలపొద్దు. సీసా మూడొంతులే నింపండి, ఎండ తగలనీయొద్దు. అదే రోజు చూడాలి.
2. లుగోల్ నమూనా. నీళ్లు పలచటి టీ రంగుకు వచ్చేదాకా చుక్కలు వేయండి. 100 మి.లీ.కు అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు పడుతుంది. లెక్కపెట్టడానికి ఇది.
3. విషం పరీక్షకు. ముదురు రంగు గాజు సీసాలో తీసి, ఐస్ మీద చీకట్లో ఉంచి పంపండి. కొన్ని రకాల ప్లాస్టిక్‌కు మైక్రోసిస్టిన్ అంటుకుపోయి ఫలితం తక్కువ చూపిస్తుంది.

హెటిరోసిగ్మా, చాటొనెల్లా లాంటివి లుగోల్ పడగానే ఆకారం కోల్పోతాయి, పగిలిపోతాయి. మొదటి సీసా లేకుండా రెండోది మాత్రమే పంపితే "హానికర నాచు లేదు" అని రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది.

చేపను కూడా పంపాలనుకుంటే కొనఊపిరితో ఉన్నదాన్ని పట్టుకోండి. చచ్చి గంటలైన చేప మొప్పల్లో కుళ్లు తప్ప ఇంకేమీ కనపడదు. ఐస్ మీద పెట్టండి, గడ్డకట్టించొద్దు.

## 5. చూడటం, లెక్కపెట్టడం, వేగం కట్టడం

మైక్రోస్కోపు అందుబాటులో లేకపోతే ముందు ఒక తేలిక పరీక్ష. పారదర్శకమైన సీసాలో నీళ్లు పట్టి, కదపకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఉదయానికి ఆకుపచ్చ పదార్థం పైన వలయంలా తేలితే నీలి ఆకుపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ. అడుగున పేరుకుంటే మామూలు ఆకుపచ్చ నాచు కావచ్చు. ఇది జాతిని చెప్పదు, విషం సంగతి అసలే చెప్పదు. దిశ చూపిస్తుంది, అంతే.

మైక్రోస్కోపు ఉంటే బతికున్న నమూనా మొదట చూడండి. ప్రిమ్నీసియం చిన్న గుడ్డు ఆకారంలో, రెండు పొడవాటి కశాభాలతో (ఈదడానికి వాడే సన్నటి పోగులు), వాటి మధ్య ఒక పొట్టి పోగుతో గిరగిరా తిరుగుతూ పోతుంది. లోపల రెండు పసుపుపచ్చ తునకలుంటాయి. మైక్రోసిస్టిస్ జిగురులో ఇరుక్కున్న చిన్న గుండ్రటి కణాల గుంపు, కణాలు నల్లటి చుక్కల్లా మెరుస్తాయి. యూగ్లీనా వంకర్లు తిరుగుతూ ఈదుతుంది, లోపల ఎర్రటి రంగు పోగై ఉంటుంది.

లెక్క. రక్తకణాలు లెక్కపెట్టే గాజు గది అయితే ఒక పెద్ద గడిలో 0.1 మైక్రోలీటరు నీళ్లు పడతాయి. గడికి సగటున ఎన్ని కణాలున్నాయో చూసి 10,000తో హెచ్చిస్తే మిల్లీలీటరుకు లెక్క వస్తుంది. తొమ్మిది గడులూ వెతికితే ఒక్క కణం కనపడినా మి.లీ.కు సుమారు 1,100 ఉన్నట్టు. అంతకన్నా పలచగా ఉన్న నీళ్లకు ఈ గది పనికిరాదు. ఒక మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గది వాడండి, లేదా లుగోల్ నమూనాను రాత్రంతా నిలవబెట్టి, పైనీళ్లు మెల్లగా తీసేసి చిక్కబరచి లెక్కించండి.

మొత్తం 100 కణాలు లెక్కపెడితే ఫలితంలో అటూ ఇటూ 20 శాతం తేడా ఉండొచ్చు, 400 లెక్కపెడితే 10 శాతానికి తగ్గుతుంది. అలసటగా ఉన్నా 400 చేరండి. రేపటి లెక్కతో పోల్చాల్సింది దీన్నే.

మైక్రోసిస్టిస్ గుంపులుగా ఉంటుంది కాబట్టి నేరుగా లెక్కకు రాదు. కొద్దిగా క్షారం కలిపి, వేడిచేసి, గట్టిగా కుదిపితే గుంపులు విడిపోతాయి.

వేగం. ఒకరోజు లెక్కతో ఏమీ తేలదు. కనీసం రెండు రోజులవి కావాలి. ఉదాహరణకు సోమవారం మి.లీ.కు 5,000, బుధవారం 20,000 ఉన్నాయనుకుందాం. 5 నుంచి 10, 10 నుంచి 20. రెండు రోజుల్లో రెండు రెట్టింపులు, అంటే రోజుకో రెట్టింపు. క్యాలిక్యులేటర్ ఉంటే రెండో లెక్కను మొదటిదానితో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, రోజులతో భాగించండి. ఇక్కడ రోజుకు 0.69 వస్తుంది. 0.693ను ఆ అంకెతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం తెలుస్తుంది.

ప్రిమ్నీసియం మి.లీ.కు 10,000 కణాలు దాటితే బ్లూమ్‌గా (నాచు విజృంభణగా) లెక్కిస్తారు. పై ఉదాహరణలో సోమవారం చూసినవాడికి ఒక్క రోజు గడువుంది. లెక్క తక్కువగా ఉన్నా వేగం ఎక్కువగా ఉంటే రోజూ చూడాల్సిందే.

## 6. విషం ఉందా లేదా తేల్చడం

### బకెట్ పరీక్ష

1. రెండు శుభ్రమైన బకెట్లు తీసుకోండి. ఒకదాంట్లో అనుమానం ఉన్న చెరువు నీళ్లు, రెండోదాంట్లో సురక్షితమని తెలిసిన నీళ్లు పోయండి. ఉప్పదనం, ఉష్ణోగ్రత రెండిట్లో ఒకేలా ఉండాలి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వద్దు.
2. రెండిట్లోనూ ఎయిర్ పంపు పెట్టి అరగంట నడపండి. ఆక్సిజన్ కొలిచి లీటరుకు 5 మి.గ్రా. పైన ఉందని చూసుకోండి.
3. అమ్మోనియా, పీహెచ్ కొలిచి రాయండి. అమ్మోనియా ఎక్కువుంటే చేప చావుకు అదే కారణం కావచ్చు.
4. ఆరోగ్యంగా ఉన్న, ఒకే సైజు చేపపిల్లల్ని రెండిట్లో మూడేసి వదలండి. ఇవి ఈ చెరువువి కాకూడదు.
5. రెండు గంటలు దగ్గరుండి చూడండి, తర్వాత మర్నాడు ఉదయం దాకా అప్పుడప్పుడు. ఒరిగిపోవడం, మొప్పలు ఎగబీలుస్తూ కొట్టుకోవడం మొదలవగానే వాటిని సురక్షితమైన నీళ్లలోకి మార్చండి. చచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు, జవాబు అప్పటికే వచ్చేసింది.

ఆక్సిజన్ బాగానే ఉండి, అమ్మోనియా తక్కువగా ఉండి, చెరువు నీళ్ల బకెట్లో మాత్రమే పిల్లలు కష్టపడితే విషాన్ని అనుమానించండి. రెండిట్లోనూ కష్టపడితే పరీక్ష తప్పింది, మళ్లీ చేయండి. రెండిట్లోనూ బాగుంటే ఆక్సిజన్ వైపు చూడండి.

ప్రిమ్నీసియం అనుమానం ఉంటే నీళ్లు మధ్యాహ్నం తర్వాత తీయండి. పీహెచ్ పెరిగేకొద్దీ దాని విషం మొప్పల మీద బలంగా పనిచేస్తుంది. ఉదయం తీసిన నీళ్లలో పిల్లలు బాగున్నాయని ధీమాపడి సాయంత్రం చెరువు పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు.

మైక్రోసిస్టిన్‌కు ఈ పరీక్ష సరిపోదు. అది గంటల్లో చంపే విషం కాదు, మెల్లగా కాలేయాన్ని తింటుంది. దానికి పట్టీ గానీ ల్యాబ్‌లో ఎలిసా పరీక్ష గానీ కావాలి.

### విషం అంకెను చదవడం

ల్యాబ్‌ను రెండు అంకెలు అడగండి: మొత్తం విషం, నీళ్లలో కరిగి ఉన్న విషం. మొత్తం కొలవడానికి నమూనాను మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి కణాలు పగలగొడతారు. కరిగినది కొలవాలంటే కణాల్ని ముందే వడకట్టేస్తారు. రెంటి మధ్య తేడాయే కణాల లోపల ఉన్నది.

ఒక ఊహా లెక్క చూడండి. మి.లీ.కు లక్ష కణాలు, మొత్తం విషం లీటరుకు 22 మైక్రోగ్రాములు, కరిగినది 2. అంటే లోపల 20. లీటరుకు 10 కోట్ల కణాలు కాబట్టి కణానికి 0.2 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). నాలుగు రోజుల తర్వాత కణాలు 50,000కు తగ్గాయి, మొత్తం విషం 20, కరిగినది 10. కణానికి ఇప్పుడూ 0.2 పికోగ్రాములే. నీళ్లు తేటబడ్డాయి, లెక్క సగానికి పడింది, అయినా విషం దాదాపు అంతే ఉంది. పైగా కణాల్లో దాగినది బయటికి వచ్చింది. రంగు చూసి గండం గడిచిందనుకునేది సరిగ్గా ఇలాంటి రోజునే.

## 7. విషం ఎప్పుడు పెరుగుతుందో అర్థం చేసుకుంటే

ఎరువు ఎక్కువైతే నాచు పెరుగుతుందని అందరికీ తెలుసు. విషం సంగతి అంత సూటిగా ఉండదు.

ప్రిమ్నీసియం నత్రజని గానీ భాస్వరం గానీ కరువైనప్పుడు మరింత విషపూరితం అవుతుంది. పెరుగుదల మందగించినా, విషంతో పక్కనున్న ఇతర నాచుల్ని చంపి వాటినే తింటుంది. కాబట్టి లెక్క నిలకడగా ఉందంటే ప్రమాదం తగ్గినట్టు కాదు, నిలిచిపోయిన దశలోనే దెబ్బ గట్టిగా ఉండొచ్చు. ఎండ ఈ విషాన్ని విరగ్గొడుతుంది కాబట్టి మబ్బు రోజుల్లో ఇంకాస్త జాగ్రత్త అవసరం.

మైక్రోసిస్టిస్ దారి దీనికి దాదాపు ఎదురు. మైక్రోసిస్టిన్ అణువులో నత్రజని ఎక్కువ (ఎల్‌ఆర్ రకంలో పది పరమాణువులు). అందువల్ల నత్రజని పుష్కలంగా దొరికే నీళ్లలో, నాచు చురుగ్గా పెరుగుతున్నప్పుడు, విషం కూడా బాగా తయారవుతుంది. ఇంకో చిక్కుంది: ఒకే మైక్రోసిస్టిస్‌లో విషం చేసే రకం, చేయని రకం పక్కపక్కనే ఉంటాయి. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూపుతో తేల్చలేం, పరీక్షే చేయాలి.

ఈ తేడా వల్లే ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరి చెరువును ముంచుతుంది.

## 8. చేపలు తేలిన రోజు చేయాల్సిన పనుల వరుస

వరుస ముఖ్యం. కంగారులో నాలుగో పని ముందు చేస్తే మొదటిదానికి వేళ మించిపోతుంది.

1. ఆక్సిజన్ కొలవండి. ఎంతున్నా ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆన్ చేయండి.
2. మేత ఆపేయండి. కడుపు నిండిన చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మొప్పలు దెబ్బతిన్నప్పుడు అది అందదు.
3. మూడు సీసాల నమూనా తీయండి. మందు ఏదీ పడకముందే.
4. ఈ చెరువు నీళ్లు పక్క చెరువుకు పోకుండా తూము మూసేయండి. వలలు, బకెట్లు వేరే చోట వాడొద్దు.
5. సురక్షితమైన నీటి వనరు ఉంటే ఒక మూల నుంచి మెల్లగా వదలండి. ఆ మూల చేపలకు ఆశ్రయం అవుతుంది. వచ్చే నీళ్లలో నాచు లేదని ముందు చూసుకోండి.
6. బకెట్ పరీక్ష మొదలుపెట్టండి.
7. చచ్చిన చేపల్ని గ్లౌజులతో తీసి, చెరువుకూ బావులకూ దూరంగా పూడ్చండి. ఎవరూ తినకూడదు, అమ్మకూడదు, పశువులకూ కోళ్లకూ వేయకూడదు. మైక్రోసిస్టిన్ వండినా పోదు.
8. పశువుల్ని, కుక్కల్ని, పిల్లల్ని నీటికి దూరంగా ఉంచండి. తెట్టు పక్కన ఏరేటర్ తుంపర ఎగురుతుంటే మాస్కు తప్పనిసరి.

ప్రిమ్నీసియం దెబ్బ తొలిదశలో ఉన్న చేపను విషం లేని నీళ్లలోకి మారిస్తే తేరుకునే అవకాశం ఉంది. విలువైన తల్లిచేపలుంటే ముందు వాటిని తరలించండి. వలతో ఎక్కువ బాధపెట్టకుండా, గాలి నడుస్తున్న ట్యాంకులోకి మార్చాలి.

సముద్రపు బోనులవారికి చేతిలో ఉండేవి తక్కువ: మేత ఆపడం, నాచు పైపొరలో ఉంటే బోనును లోతుకు దించడం, కింది నీళ్లు శుభ్రంగా ఉంటే పైకి తోడటం, వీలైతే బోను జరపడం. కొరియాలో కోక్లోడినియం అనే నాచు మీద పసుపు బంకమట్టి చల్లి అడుగుకు దింపే పద్ధతి ఉంది. ఆ మట్టి అడుగు జీవుల మీద పడుతుంది కాబట్టి అనుమతి లేకుండా చేయొద్దు.

## 9. మందు: ఎప్పుడు, ఎంత, ఎప్పుడు వద్దు

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). ఎక్కువమంది చేయి దీని మీదికే పోతుంది. మోతాదు ఆల్కలినిటీని బట్టి ఉంటుంది. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న ఆల్కలినిటీని 100తో భాగిస్తే వేయాల్సిన మైలుతుత్తం లీటరుకు మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఆల్కలినిటీ 100 ఉంటే 1 మి.గ్రా. హెక్టారు విస్తీర్ణం, మీటరు సగటు లోతున్న చెరువులో 10,000 ఘనమీటర్ల నీళ్లుంటాయి కాబట్టి 10 కిలోలు. ఆల్కలినిటీ 50 లోపుంటే వాడకండి, రాగి చేపల్నే చంపుతుంది.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతున్నా: తెట్టు కట్టిన మైక్రోసిస్టిస్ మీద దీన్ని వాడొద్దు. కణాలు ఒక్కసారిగా పగిలి విషం నీళ్లలో కలుస్తుంది, వెనకే ఆక్సిజన్ పడిపోతుంది. ఇంకా పలచగా ఉన్నప్పుడు, ఎండ ఉన్న ఉదయం, చెరువును భాగాలుగా చేసి కొన్ని రోజుల ఎడంతో, ఏరేటర్లు నడుస్తుండగా వేస్తే సరే.

హైడ్రోజన్ పెరాక్సైడ్. నీలి ఆకుపచ్చ నాచు దీనికి త్వరగా లొంగుతుంది. లీటరుకు 2 నుంచి 5 మి.గ్రా. మోతాదులో మిగతా జీవుల మీద ప్రభావం తక్కువ. తర్వాత నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. నీళ్లంతటా సమానంగా కలపడం కష్టమైన పని, ఒకచోట పోస్తే అక్కడి చేపలు పోతాయి. నాచు చచ్చాక కుళ్లు మాత్రం తప్పదు.

అమ్మోనియం సల్ఫేట్. ప్రిమ్నీసియం మీద చాలాకాలంగా వాడుతున్నారు. కణాన్ని పగలగొట్టేది అయానుగా మారని అమ్మోనియా, అదే చేపకూ విషం. ఉప్పు లేని నీళ్లలో 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 అయితే మొత్తం అమ్మోనియాలో సుమారు 5 శాతం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 9 అయితే 36 శాతం. అదే బస్తా, అదే చెరువు, ఉదయం పనిచేయనిది సాయంత్రం చేపల్ని చంపేస్తుంది. పీహెచ్, ఉష్ణోగ్రత కొలిచి లెక్క కట్టగల నిపుణుడు పక్కన లేకుండా దీని జోలికి పోకండి.

ఏ మందైనా వేసేముందు:

- జాతి తేలిందా?
- విషం పరీక్ష నమూనా తీశారా?
- చెరువు ఘనపరిమాణం అంచనా కాకుండా కొలిచారా?
- ఆల్కలినిటీ, పీహెచ్, ఉష్ణోగ్రత ఈ రోజువేనా?
- రాత్రికి ఏరేటర్లకు కరెంటు పోతే జనరేటర్ ఉందా?
- మీ దగ్గర ఆ మందును చేపల చెరువులో వాడేందుకు అనుమతి ఉందా?

ఒక్కదానికి "లేదు" అని వచ్చినా ఆ రోజు వేయొద్దు. ఏరేషన్, మేత ఆపడం, కొత్త నీళ్లు ఇవే ఆ రోజుకు మందు.

## 10. తర్వాతి పది రోజులు

నాచు కూలాక మొదటి మూడు రాత్రులు చాలా కీలకం. రాత్రి పదింటికి, రెండింటికి, తెల్లవారకముందు ఆక్సిజన్ చూడండి. కూలిన నాచు నుంచి అమ్మోనియా లేస్తుంది కాబట్టి రోజూ కొలవండి.

మేత మళ్లీ మొదలుపెట్టడానికి మూడు షరతులు: తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 4 మి.గ్రా. పైన ఉండాలి, అమ్మోనియా తగ్గుముఖం పట్టాలి, చేపలు మామూలుగా ఈదుతుండాలి. మామూలు మేతలో పావు వంతుతో మొదలుపెట్టండి.

మైక్రోసిస్టిన్ ఉన్న చెరువు చేపల్ని అప్పుడే పట్టకండి. కరిగిన విషం మళ్లీ పరీక్షించి, చేప కండరాన్ని కూడా ల్యాబ్‌లో చూపించాకే అమ్మకం. విషం కండరంలో కన్నా కాలేయంలో, పేగుల్లో ఎక్కువ చేరుతుంది.

## 11. మళ్లీ రాకుండా

అసలు సమస్య మేత సంచిలో ఉంది. చేపకు వేసిన మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం చేపలో మిగలదు, నీళ్లలోనే చేరుతుంది. అరగంటలో తినగలిగినంతే వేయండి, ట్రేలు పెట్టి మిగిలింది చూడండి. మబ్బు పట్టిన రోజు తగ్గించండి.

సెచ్చి లోతు 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉంచే ప్రయత్నం చేయండి. 20కి దిగితే ఎరువు, మేత రెండూ తగ్గించాలి. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండబెట్టి అడుగు మడ్డి తీయండి, భాస్వరం నిల్వ అక్కడే ఉంటుంది.

ఎరువు వేసేటప్పుడు ఒక్క యూరియానే, లేదా ఒక్క సూపర్‌ఫాస్ఫేటే వేసి బ్యాలెన్స్ చెడగొట్టకండి. భాస్వరం ఎక్కువై నత్రజని తక్కువైతే గాలిలోని నత్రజనిని వాడుకోగల నీలి ఆకుపచ్చ నాచులకు అది పండగ. ఉప్పునీటి చెరువుల్లోనైతే పోషకాలు పూర్తిగా అడుగంటనివ్వడం కూడా మంచిది కాదు, ప్రిమ్నీసియం ఆ కరువులోనే విషం కక్కుతుంది.

కొత్తగా తెచ్చే చేపపిల్లల నీళ్లు చెరువులో పోయకండి. పిల్లల్ని జల్లెడతో వేరు చేసి వదిలి, సంచి నీళ్లు దూరంగా పొడి నేల మీద పారబోయండి. వేరే చెరువు నుంచి వచ్చిన వలల్ని ఎండలో పూర్తిగా ఆరాకే దించండి.